సంక్రాంతి విస్తరి: నూరేళ్ళలో మారినదేమిటి?

సంక్రాంతి దగ్గరపడుతున్నదంటే ఉద్యోగ విరమణ చేసిన వైద్యుణ్ణి సైతం బంధుమిత్రులు వదలిపెట్టరు. ప్రశ్న మాత్రం ఏటా ఒక్కటే: "డాక్టరు గారూ, షుగరు ఉన్నది, అరిసె తినవచ్చునా?" నేను జవాబు చెప్పేలోగా పక్కనున్నవారు అందుకుంటారు. పంచదార కాదు, బెల్లంతో చేసినది కనుక ఏమీ కాదని ఒకరు. మన తాతముత్తాతలు ఇవే తిని నూరేళ్ళు బతికారని ఇంకొకరు. పిండివంటలన్నీ విషమే, ఓట్స్ తిని పడుకోండని మరొకరు. ఈ మూడు మాటలకూ మూలం ఒకటే: మన పండుగ భోజనం ఎప్పుడూ ఇలాగే ఉండేదన్న భ్రమ. విస్తరిలోకి ఏ పదార్థం ఎప్పుడు వచ్చింది, ఏది ఎప్పుడు రూపు మార్చుకున్నది అన్నది తెలిస్తే, ఏది మార్చుకోవాలో, దేనిని ముట్టుకోనక్కరలేదో మీకే బోధపడుతుంది.

ముందుగా తాతముత్తాతల ఆయుర్దాయం సంగతి చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతీయుని సగటు ఆయుర్దాయం ముప్పయి రెండేళ్ళ చుట్టుపక్కల ఉండేది. పురిటి మరణాలు, శిశు మరణాలు, మశూచి, కలరా, మలేరియా, క్షయ ఆ సగటును అంత కిందికి లాగాయి. కొందరు తొంభై ఏళ్ళు బతికిన మాట నిజమే. మన ఇళ్ళ గోడల మీద ఉన్న పటాలు వారివే; ఐదేళ్ళు నిండకుండా పోయినవారికి పటాలు లేవు. కనుక పూర్వుల ఆహారాన్ని గౌరవిద్దాం, కానీ దానికి లేని మహిమను అంటగట్టవద్దు.

ఇక భోజనం. కాకతీయుల ఓరుగల్లును కళ్ళకు కట్టించే క్రీడాభిరామంలో ఒక పూటకూళ్ళ ఇల్లు ఉన్నది. లక్ష్మణవజ్ఝల వారి ఇంట ఒక్క రూకకు ఏమేమి వడ్డించేవారో కవి ఒక పద్యంలో జాబితా ఇచ్చాడు. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, కొద్దిగా పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. వైద్యుని కంటితో ఈ జాబితాను చదవండి. పప్పు ఉన్నది, పెరుగు ఉన్నది, పండు ఉన్నది. తీపి ఉన్నది కానీ పంచదార గుప్పెటితో కొలిచే వస్తువు. నూనెలో దేవిన పదార్థం పేరు ప్రత్యేకంగా వినిపించదు. అది పండుగ భోజనం కూడా కాదు, డబ్బిచ్చి తినే మంచి భోజనం. ఆనాటి వైభవానికి అదే కొలమానం.

ఇంకొక విషయం గమనించండి. ఆ విస్తరిలో మిరపకాయ ఉండే అవకాశమే లేదు. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరిన తరువాత, పోర్చుగీసు ఓడలలో అమెరికా ఖండపు పంటలు ఒక్కొక్కటిగా మన తీరానికి వచ్చాయి. అంతవరకు మన కారం మిరియాలదే. పులిహోరలో ఎండుమిరపకాయ, పోపులో వేరుశనగ గుళ్ళు, సంక్రాంతి నాడు గొబ్బెమ్మ నెత్తిన పెట్టే పసుపు పచ్చని గుమ్మడి పువ్వు, ఆ గుమ్మడికాయతో వండే పులుసు, చిలగడదుంప, అన్నీ ఆ ఖండం నుంచి వచ్చినవే. బూడిద గుమ్మడి మాత్రం మనవైపుది. సంప్రదాయపు వంటలో వేలు పెట్టరాదని నన్ను మందలించే పెద్దలకు నేను వినయంగా చెప్పేది ఇదే: మన అమ్మమ్మల అమ్మమ్మలు మనకన్న ధైర్యంగా మార్పులు చేశారు. కొత్త పంట కనబడితే రుచి చూశారు, నచ్చితే పండుగలో చేర్చుకున్నారు.

అయితే అందరి ఇంటా వరి అన్నమే ఉండేదనుకుంటే అదీ పొరపాటే. కృష్ణా గోదావరి డెల్టాలను పక్కన పెడితే, తెలంగాణలో, రాయలసీమలో, పల్నాటిలో, ప్రకాశం మెట్టలో సామాన్యుల కంచంలో ఏడాది పొడవునా జొన్న సంకటి, సజ్జ రొట్టె, కొర్రన్నం, రాగి అంబలి. తెల్లని అన్నం పండుగకో, పెళ్ళికో, జబ్బు చేసినవారికో. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత డెల్టాలో వరి విస్తరించింది గానీ, మెట్ట ప్రాంతాలకు వరి అన్నం నిత్యాహారం కావడానికి ఇంకా నూరేళ్ళకు పైగా పట్టింది.

ఆ బతుకులకు కరవు కూడా దూరం కాదు. గుంటూరు సీమను 1832-33లో ఊడ్చిపెట్టిన డొక్కల కరవు, 1876-78 నాటి ధాత కరవు మన పెద్దల మాటల్లో చాలాకాలం బతికి ఉన్నాయి. కరవు లేని ఏడాదిలోనూ ఆషాఢం నుంచి కార్తికం దాకా గాదెలు అడుగంటి ఉండేవి. ఆ తరువాత కోతలు, నూర్పిళ్ళు. కొత్త ధాన్యం, కొత్త బెల్లం, కొత్త నువ్వులు, చిక్కుళ్ళు, చెరకు, రేగుపండ్లు ఒక్కసారిగా ఇంటికి వచ్చే సమయం పుష్యమాసం. నెలల తరబడి అర్ధాకలితో, ఒళ్ళు విరిచే చాకిరీతో ఎండిన శరీరానికి మూడు రోజులపాటు బియ్యం, బెల్లం, నూనె, పప్పు దండిగా దొరకడం శరీరధర్మ శాస్త్రం దృష్ట్యా ఎంతో సబబైన విషయం. అరిసెలకు పిండి దంచడమే ఒక వ్యాయామం. నానిన బియ్యాన్ని రోట్లో పోసి, ఇద్దరు స్త్రీలు ఎదురెదురుగా నిలబడి రోకళ్ళు వేస్తే ఎంతసేపటికి జల్లెడ పట్టదగిన పిండి అవుతుందో దంచినవారిని అడగండి. తినబోయే అరిసెలో కొంత భాగం తినకముందే ఖర్చయ్యేది.

అరిసెలోనూ, సకినంలోనూ, పులగంలోనూ ఉన్న తెలివిని కూడా చెప్పాలి. బియ్యంలో లైసిన్ అనే ఆమ్లం తక్కువ, పెసరపప్పులో అది సమృద్ధి. పప్పులో తక్కువైన మెథియొనిన్ బియ్యంలోనూ, అంతకంటె ఎక్కువగా నువ్వుల్లోనూ ఉన్నది. పులగం తిని నువ్వుండ కొరికితే మాంసకృత్తుల లెక్క సరిపోతుంది. కనుమ నాడు మినుము తినాలన్న మాట ఏడాదికొకసారైనా పప్పుధాన్యం కడుపు నిండా తినమని గుర్తుచేసినట్లు ఉంటుంది. నువ్వుల్లో పొట్టుతో సహా చూస్తే నూరు గ్రాములకు వెయ్యి మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. పొట్టులోని ఆక్జలేట్ల వల్ల అదంతా ఒంటికి పట్టదు, ఆ సంగతీ చెప్పడం వైద్యధర్మం.

ఇంతటి భోజనం ఎప్పుడు దారి తప్పింది? నా లెక్కలో మొదటి మలుపు బియ్యపు మర.

రోకటి పోటుతో దంచిన బియ్యానికి తవుడు కొంత అంటుకొనే ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో కోస్తా జిల్లాలలో ఆవిరి యంత్రాలతో, ఆయిలింజన్లతో మరలు వెలిసిన తరువాత తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం గౌరవచిహ్నమయింది. దంచే చాకిరీ తప్పినందుకు స్త్రీలు సంతోషించారు, అది న్యాయమే. కానీ తవుడుతోపాటు బి1 విటమిను, థయమిన్, పోయింది. దాని ఫలితం బెరిబెరి: కాళ్ళు తిమ్మిరెక్కి పడిపోవడం, ఒళ్ళు నీరుపట్టడం, గుండె ఆగిపోవడం. ఈ వ్యాధికీ మన తెలుగు తీరానికీ పాత బంధమే ఉన్నది. మద్రాసు సైన్యపు వైద్యుడు జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835లో బెరిబెరి మీద ఒక గ్రంథం మద్రాసులో ప్రచురించాడు. అందులో ఉత్తర సర్కారుల ప్రస్తావన ప్రముఖం. అప్పటికి మరలు లేవు, కారణమూ తెలియదు. గాలి అన్నారు, తేమ అన్నారు.

కారణం జావా దీవిలో, కోళ్ళ దొడ్డిలో బయటపడింది. బటావియాలోని డచ్చి ప్రయోగశాలలో క్రిస్టియాన్ ఐక్మన్ పెంచుతున్న కోళ్ళు కాళ్ళు పడిపోయి తూలిపోసాగాయి. కొన్నాళ్ళకు వాటంతటవే కోలుకున్నాయి. ఆరా తీస్తే తేలింది ఏమిటంటే, మధ్యలో కొంతకాలం వాటికి సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లని అన్నం పెట్టారు. కొత్తగా వచ్చిన వంటవాడు మిలిటరీ బియ్యం సివిలు కోళ్ళకు పెట్టడానికి వీల్లేదన్నాడు. మళ్ళీ ముతక బియ్యం తినగానే కోళ్ళు నిలబడ్డాయి. (ప్రభుత్వోద్యోగిగా జీవితం గడిపినవాణ్ణి గనుక ఆ వంటవాడి పట్టుదలకు నమస్కరిస్తాను. ఆడిట్ అభ్యంతరం వల్ల వైద్యశాస్త్రం బాగుపడిన సందర్భాలు అరుదు.) ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. తవుడులోని ఆ పదార్థాన్ని 1926లో జాన్సెన్, డొనాత్ అనే ఇద్దరు జావాలోనే విడదీశారు. దానిని ప్రయోగశాలలో తయారుచేసే విధానాన్ని 1936లో సాధించినవాడు రాబర్ట్ విలియమ్స్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త. ఆయన పుట్టిన ఊరు మన నెల్లూరు. మిషనరీ దంపతుల బిడ్డగా 1886లో అక్కడ జన్మించాడు. నెల్లూరు బియ్యానికి పేరుపడిన ఊరు ఇంతటివాణ్ణి గుర్తుపెట్టుకోకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది.

మన దేశంలో ఈ పని కూనూరులో సాగింది. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో అక్కడ చిన్నగా మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయింది. ఆయన తరువాత వచ్చిన అయిక్రాయిడ్, తన సహచరులతో కలిసి, 1940లో బియ్యపు సమస్య మీద వెలువరించిన నివేదికలో ఒక విచిత్రాన్ని వివరించాడు. మద్రాసు రాజధానిలో అందరూ బియ్యమే తింటున్నా బెరిబెరి ప్రధానంగా ఉత్తర సర్కారులలోనే ఎందుకున్నది? తమిళ జిల్లాలలో ఉప్పుడు బియ్యం తింటారు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. తరువాత మరపట్టినా చాలా భాగం మిగులుతుంది. మన సర్కారువారికి పచ్చిబియ్యం మీద, అదీ మల్లెపువ్వు వంటి తెల్లని బియ్యం మీద మోజు. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

ఈనాడు బెరిబెరి అరుదు. మద్యానికి బానిసలైనవారిలో తప్ప మీకు కనబడకపోవచ్చు. కానీ పోయిన తవుడుతో పీచు కూడా పోయింది. పీచు లేని తెల్లని అన్నంలోని పిండిపదార్థం త్వరగా చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఆ కాలపు వైద్యుడు తెల్లబియ్యంలో నరాల జబ్బును చూశాడు, ఈ కాలపు వైద్యుడు మధుమేహాన్ని చూస్తున్నాడు. బియ్యం అదే.

రెండవ మలుపు తీపిది. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ సుంకం కల్పిస్తూ చట్టం వచ్చింది. అంతవరకు జావా పంచదార ఓడల్లో దిగుమతి అయ్యేది. చట్టం వచ్చేనాటికి దేశంలో ముప్పయి చిల్లర ఉన్న చక్కెర మిల్లులు కొద్ది ఏళ్ళలోనే నూరు దాటాయి. విశాఖ జిల్లా ఏటికొప్పాకలో సహకార చక్కెర మిల్లు 1933లో, నిజాం రాజ్యంలోని బోధన్ ఫ్యాక్టరీ 1937లో వచ్చినవే. పంచదార చవకయింది. పండుగలో పాలు, కొబ్బరి, బెల్లం, నువ్వులతో చేసే తీపి స్థానంలో పంచదార పాకపు మిఠాయి వచ్చి చేరింది. అయినా సంక్రాంతి అరిసె మాత్రం బెల్లాన్ని వదలలేదు. దానికి సంతోషమే.

అయితే ఇక్కడే నేను మీకు ఇష్టం లేని మాట చెప్పాలి. బెల్లంలో పంచదార కంటె కొద్దిగా ఇనుము, పొటాషియం వంటి లవణాలు ఎక్కువ. కానీ బెల్లంలో అత్యధిక భాగం సుక్రోజే. మీ క్లోమగ్రంథికి అనకాపల్లి బెల్లమూ, బోధన్ పంచదారా ఒక్కటే. బెల్లంలోని ఇనుము ఒంటికి ఉపయోగపడేంత కావాలంటే అంతకుముందే మీ చక్కెర మట్టం హద్దు దాటుతుంది. రక్తహీనతకు ఆకుకూర, మాంసం, అవసరమైతే ఐరన్ మాత్ర ఉన్నాయి.

మూడవ మలుపు కొవ్వుది, అన్నింటిలో దగాతో కూడినది ఇదే. నూనె అన్న మాటలోనే నువ్వు ఉన్నది. నూవుల నెయ్యే నూనె అయింది. గానుగలో ఎద్దు తిరిగి ఇచ్చిన నువ్వుల నూనె, ఇంటి పాడి నుంచి వచ్చిన నెయ్యి, ఇవే పాత పండుగ కొవ్వులు. ఖరీదు ఎక్కువ గనుక పొదుపు తప్పనిసరి. అరిసెను మూకుట్లోంచి తీయగానే రెండు చెక్కల నడుమ పెట్టి నొక్కి నూనె పిండడం ఆ పొదుపుకు నిదర్శనం. ఈనాడు చెక్కలు అటకెక్కాయి. తూకానికి అరిసెలు అమ్మే దుకాణదారుకు నూనె పిండితే లాభమేమిటి?

నూనెను హైడ్రోజనుతో గట్టిపరచే పద్ధతికి 1902లో విల్‌హెల్మ్ నార్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు పేటెంటు తీసుకున్నాడు. అది మన ఇళ్ళలోకి 1937లో డాల్డా పేరుతో, తాటి చెట్టు బొమ్మ ఉన్న పసుపు డబ్బాలో వచ్చింది. నెయ్యి కొనలేని గృహిణికి నెయ్యి లాంటి వస్తువు. ఆ పేరు త్వరలోనే తెలుగులో సామాన్య నామమై కూర్చున్నది. నెయ్యిలో దీనిని కలిపి అమ్మే కల్తీ వ్యాపారం ఎంత ముదిరిందంటే, పట్టుకోవడానికి ప్రభుత్వం ఒక ఉపాయం చేసింది. వనస్పతిలో నూటికి ఐదు పాళ్ళు నువ్వుల నూనె తప్పక కలపాలన్నది ఆ నియమం. నువ్వుల నూనె ఉంటే బోదువాన్ పరీక్షలో ద్రవం గులాబీ ఎరుపుగా మారుతుంది. నెయ్యి దొంగ దొరుకుతాడు. పాపం నువ్వులు, పండుగ వంటలో స్థానం కోల్పోయి చివరకు పోలీసు ఉద్యోగంలో చేరాయి.

కల్తీని పట్టుకున్నారు గానీ అసలు వస్తువులోని హానిని పట్టుకోవడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. పాక్షికంగా హైడ్రోజను కలిపినప్పుడు ట్రాన్స్ కొవ్వులు పుడతాయి. 1990లో నెదర్లాండ్స్ పరిశోధకులు మెన్సింక్, కటాన్ వీటి అపరాధాన్ని స్పష్టంగా చూపారు: చెడు కొలెస్టరాల్‌ను పెంచుతాయి, మంచి కొలెస్టరాల్‌ను తగ్గిస్తాయి. మన దేశంలో వీటి పరిమితిని 2021లో నూటికి 3కు, 2022 జనవరి నుంచి 2కు దించారు. అంటే 1937 నుంచి మూడు తరాలవారు పండుగ పేరిట దీనిని తిన్నారు. మా తరంలో యాభై ఏళ్ళకే గుండెపోటుతో పోయినవారిని లెక్కపెట్టుకునేటప్పుడు పొగాకుతోపాటు ఆ పసుపు డబ్బా కూడా నా మనసులో మెదులుతుంది.

నాలుగవ మలుపు పదార్థానిది కాదు, పంచాంగానిది. నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చింది. ఆకలిని ఎరిగిన ఏ వైద్యుడూ ఆ పథకాన్ని తప్పుపట్టడు. మా ఆసుపత్రి వార్డులలో ఎముకల గూడుల్లాంటి పిల్లలను చూసినవాణ్ణి నేను. కానీ దానితో మెట్ట ప్రాంతాల జొన్న, సజ్జ, కొర్ర వెనక్కు జరిగి, పండుగనాటి అన్నం మూడు పూటల అన్నమయింది. ఆ తరువాతి దశాబ్దాలలో పామోలిన్ నూనె రేషను దుకాణానికి, అరిసెలూ జంతికలూ ఊరూరా మిఠాయి దుకాణానికి వచ్చాయి. ఏడాదికి ఒకసారి చేసుకొనే వంట ఏ రోజు కావాలంటే ఆ రోజు దొరుకుతున్నది. పండుగ మూడు రోజులు కాక మూడు వందల అరవై ఐదు రోజులయింది. రోకలి పోయింది, నడక పోయింది, అర్ధాకలి పోయింది. విస్తరి మాత్రం పెద్దదయింది.

అంకెలు చూడండి. 1970ల తొలి సగంలో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన సర్వేలో మధుమేహం పట్టణాలలో నూటికి సుమారు 2, గ్రామాలలో 1.5. అదే మండలి 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులు, ఆ వాకిట నిలబడినవారు మరో 13.6 కోట్లు. దీనికంతటికీ పండుగ వంటలు కారణమని నేను అనడం లేదు. మూడు రోజుల సంక్రాంతి ఎవరికీ మధుమేహాన్ని తెప్పించదు. కానీ ఉన్న మధుమేహాన్ని, గుండె బలహీనతను ఆ మూడు రోజులు ఎంత చెడగొట్టగలవో ప్రభుత్వాసుపత్రిలో కనుమ మరునాటి ఓ.పి. చూసినవారికి తెలుసు. షుగరు హద్దులు దాటినవారు, పచ్చళ్ళు, అప్పడాల ఉప్పుతో కాళ్ళు వాచి ఆయాసంతో వచ్చిన గుండె రోగులు, పండుగ హడావిడిలో మాత్రలు మరచినవారు వరుసలో ఉండేవారు.

ఇక విస్తరిని ఎలా సవరించుకోవాలన్నది. నేను కొత్తవి కనిపెట్టమనడం లేదు. పోగొట్టుకున్నవి కొన్ని తిరిగి తెచ్చుకోమంటున్నాను.

అరిసెతోనే మొదలుపెడతాను. ఇంట్లో చేసే యాభై గ్రాముల అరిసెలో, నా లెక్క ప్రకారం, సుమారు ఇరవై రెండు గ్రాముల బియ్యం, పదిహేను గ్రాముల బెల్లం, ఏడు గ్రాముల నూనె ఉంటాయి. దాదాపు రెండు వందల కిలోకేలరీలు. కలిపిన తీపి రోజుకు ఇరవై ఐదు గ్రాములకు మించకపోవడం ఉత్తమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రెండు అరిసెలు తింటే ఆ గీత దాటారు. కనుక అరిసెను చిన్నది చేయండి: అరచేతి అంత కాక, పూరీలో సగమంత. నువ్వులు రెండు వైపులా దట్టంగా అద్దండి. అటక మీది చెక్కలను దించి నూనె పిండండి. మధుమేహం అదుపులో ఉన్నవారు అటువంటి చిన్న అరిసె ఒకటి, భోజనం చివర, ఆ పూట అన్నం ఒక గరిటె తగ్గించుకొని తినవచ్చు. అదుపులో లేనివారు ఈ ఏడాదికి వాసన చూసి ఊరుకోవాలి. కొర్రలతో, రాగులతో చేసిన అరిసెలు ఇప్పుడు వస్తున్నాయి. పీచు కొంత పెరుగుతుంది, మంచిదే. బెల్లమూ నూనే మాత్రం అవే. షుగర్‌ఫ్రీ అని డబ్బా మీద రాసిన మిఠాయిని మరీ నమ్మకండి, అందులో పిండి, కొవ్వు ఎక్కడికీ పోలేదు.

పులగంలో మామూలుగా పప్పు ఒక వంతైతే బియ్యం రెండు మూడు వంతులు. సమానంగా వేసి చూడండి, రుచి తగ్గదు. బియ్యం ఒక్క పాలిష్‌దో, దంపుడుదో తీసుకోండి. తెలంగాణ, రాయలసీమలలో భోగినాడు నువ్వులద్దిన సజ్జ రొట్టె, కలగూర తినే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. కోస్తావారు ఈ విషయంలో వారి దగ్గర నేర్చుకోవచ్చు. కలగూరలోని చిక్కుడు, గుమ్మడి, వంకాయ, చిలగడదుంప పాత విస్తరిలో సగం చోటు ఆక్రమించేవి. ఇప్పుడు ఆ చోట్లో వేపుడు, బిరియానీ కూర్చున్నాయి. కూరలను వాటి చోటికి తిరిగి పిలవండి.

గారె మీద నాకు పేచీ లేదు. మినుములు నానబెట్టి రుబ్బినది, మాంసకృత్తులున్నది, నాటుకోడి కూరతో రెండు తింటే కనుమకు అన్యాయం జరగదు. మధ్యలో చిల్లు ఉండటం వల్ల లోపలి భాగం త్వరగా వేగుతుంది; చిల్లు లేకుండా లావుగా వేసినది నూనెలో ఎక్కువసేపు ఉండాలి.

తినే వరుస కూడా ముఖ్యమే. విస్తరి ముందు కూర్చోగానే తీపి నోట్లో వేసుకోవడం మన అలవాటు, శుభానికి అంటారు. చిటికెడు వేసుకొని ఆపండి. ముందు కూర, పప్పు, పెరుగుపచ్చడి తిని, తరువాత అన్నానికి వెళ్ళండి. పీచు, మాంసకృత్తులు ముందు తిన్నప్పుడు భోజనానంతర షుగరు గణనీయంగా తగ్గినట్టు 2015లో కార్నెల్ వైద్య కళాశాల చేసిన ఒక చిన్న అధ్యయనం చూపింది. చిన్నదైనా, ఖర్చు లేనిది గనుక పాటించడానికి అభ్యంతరం ఉండనక్కరలేదు. తిన్న తరువాత పడక ఎక్కకుండా ఊళ్ళో ముగ్గులు చూస్తూ ఇరవై నిమిషాలు నడవండి.

పూజ పేరిట పొద్దుట ఏమీ తినకుండా ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్ర గానీ వేసుకొని, మధ్యాహ్నం రెండు గంటలకు విస్తరి వేసేదాకా కూర్చునేవారు ఏటా కనిపిస్తారు. చెమటలు, వణుకు, మైకం వస్తే అది భక్తి పారవశ్యం కాదు, చక్కెర పడిపోవడం. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళు తాగాలి. అటువంటివారు ఉదయమే ఇడ్లీయో, పులగమో కొద్దిగా తినాలి. ఎక్కువ తినబోతున్నాం గదా అని సొంతంగా మాత్ర పెంచుకోవడం ఇంకా ప్రమాదం. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి మాత్రం పై సలహాలు కొన్ని వర్తించవు: గుమ్మడి, చిలగడదుంప, నువ్వులు, బెల్లం వారికి పొటాషియం, భాస్వరం మోత, మీ వైద్యుని అడిగి తినండి. గుండె బలహీనత, రక్తపోటు ఉన్నవారు పచ్చడి గోటితో తీసుకున్నంత వేసుకొని, అప్పడం, వడియం మానాలి. రోజంతటికీ ఉప్పు ఐదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా. సకినాల్లో, జంతికల్లో ఉన్నది కూడా ఆ లెక్కలోనిదే.

చివరగా మూకుట్లో మిగిలిన నూనె. భోగికి మొదలుపెట్టి ముక్కనుమ దాకా అదే నూనెలో అరిసెలు, జంతికలు, గారెలు, ఆపైన చేపలు వేయించే ఇళ్ళు చాలా ఉన్నాయి. పదేపదే మరిగిన నూనెలో హానికరమైన పదార్థాలు పేరుకుంటాయి. హోటళ్ళకు వీటి పరిమితిని నూటికి 25 పాళ్ళని 2018 నుంచి నియమం ఉన్నది, మీ వంటింటికి తనిఖీ అధికారి రాడు. మూకుడు నిండా పోయకండి, ఆ పూటకు కావలసినంతే పోయండి. మిగిలినదానిని వడగట్టి రెండు మూడు రోజుల్లో పోపులకు వాడి ముగించండి. నల్లబడినా, నురుగు కట్టినా, ముక్కవాసన వచ్చినా పారబోయండి. ఖరీదైన నూనె గదా అని మనసు ఒప్పదు, నాకు తెలుసు. ఆ డబ్బుకు నెల రోజుల మాత్రలు రావు.